జూలైలో అటెండింగ్‌గా చేరే ముందు: బిల్లింగ్ జాగ్రత్తలు

జూన్ చివరికి రెసిడెన్సీ (స్పెషాలిటీ శిక్షణ) అయిపోతుంది. జూలైలోనో ఆగస్టులోనో అమెరికాలో మొదటి అటెండింగ్ (సొంత బాధ్యత మీద పేషెంట్లను చూసే డాక్టర్) ఉద్యోగంలో చేరతారు. ఇల్లు వెతుక్కోవడం, స్టేట్ లైసెన్సు, నియంత్రిత మందులు రాయడానికి డీఈఏ నంబరు, వీసా కాగితాలు... ఈ హడావిడిలో బిల్లింగ్ గురించి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉండరు. రెసిడెన్సీ మూడేళ్లలో నాకు దాని మీద ఒక్క క్లాసు కూడా జరగలేదు. ఇంటర్నల్ మెడిసిన్ క్లినిక్‌లో పడుతూ లేస్తూ నేర్చుకున్న నాలుగు విషయాలు, ఈ ఏడాది బయటికొస్తున్న మన తెలుగు డాక్టర్ల కోసం రాస్తున్నాను.

రెసిడెంటుగా ఉన్నన్నాళ్లూ మీ నోటు (విజిట్ రికార్డు) కింద అటెండింగ్ సంతకం ఉండేది. ఇకనుంచి క్లెయిమ్ (ఇన్సూరెన్స్‌కి పంపే బిల్లు) మీ ఎన్‌పీఐ నంబరు, అంటే డాక్టరుగా మీ గుర్తింపు నంబరు మీద వెళ్తుంది. చేసిన వైద్యం ఏదో బిల్లులో చెప్పే కోడ్ వేసింది ఆఫీసులో బిల్లర్ అయినా, బయటి కంపెనీ అయినా, ఆ డబ్బు మీ పేరు మీద అడిగిందే. మెడికేర్‌కి (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) తప్పుడు క్లెయిమ్ పంపితే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం ఉంది. నష్టానికి మూడు రెట్లు, పైగా క్లెయిమ్‌కి ఇంతని పెనాల్టీ. నిజాయితీగా జరిగిన పొరపాటుకి ఆ చట్టం రాదు కాబట్టి టెన్షన్ పడొద్దు. కానీ తెలుసుకోవాల్సిన దాన్ని కావాలని పట్టించుకోకుండా వదిలేస్తే, తెలిసి చేసినట్టే లెక్క. మెడికేర్ మీకు ఎక్కువ చెల్లించిందని తేలితే 60 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. అందుకే చేరగానే ఆఫీసు మేనేజర్ని ఒకటి అడగండి: నా పేరు మీద ఏ కోడ్లు ఎన్ని వెళ్లాయో నెలనెలా నాకు రిపోర్టు కావాలని. ఇవ్వడానికి నసిగితే అక్కడే జాగ్రత్తపడాలి.

నాకు మొదటి దెబ్బ తగిలింది క్రెడెన్షియలింగ్ దగ్గర, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ మన అర్హతలు చూసి నెట్‌వర్క్‌లో చేర్చుకునే దగ్గర. చేరే రోజుకి ఒక ప్రైవేటు ఇన్సూరెన్స్ దగ్గర నా దరఖాస్తు ఇంకా నడుస్తోంది. "మీరు చూసేయండి డాక్టర్, వెనకటి తేదీ నుంచి ఇస్తారు" అన్నారు ఆఫీసులో. ఇవ్వలేదు. పది వారాల పాటు చూసిన ఆ పేషెంట్ల క్లెయిములన్నీ వెనక్కొచ్చాయి. ఓ పెద్దావిడ నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం పర్సులోంచి తీసి, "మీరు మా నెట్‌వర్క్‌లో లేరట, ఇది నేను కట్టాలా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ బిల్లు రద్దు చేయించేదాకా నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి కాంట్రాక్టు మీద సంతకం అయిన వారంలోనే ఆ పని మొదలుపెట్టండి, నాలుగు నెలలైనా చేతిలో ఉండాలి. సీఏక్యూహెచ్ (ఇన్సూరెన్స్ కంపెనీలు మన వివరాలు చూసుకునే ఆన్‌లైన్ సైటు) ప్రొఫైల్ నింపి వదిలేస్తే సరిపోదు, సాధారణంగా 120 రోజులకోసారి మళ్లీ ధ్రువీకరించాలి, లేకపోతే అన్నీ అక్కడే ఆగిపోతాయి. మెడికేర్ అయితే దరఖాస్తు చేరిన తేదీ, ఆ చోట మీరు పని మొదలుపెట్టిన తేదీ, ఈ రెండిట్లో ఏది తర్వాతదైతే దాన్ని పట్టుకుంటుంది. దానికి ముందు మామూలుగా 30 రోజుల వరకే బిల్లు వేయనిస్తుంది. ఈలోగా "సీనియర్ గారి నంబరు మీద వేసేద్దాం" అని ఎవరైనా అంటే మొహమాటపడకుండా వద్దనండి. చూసింది మీరు, క్లెయిమ్‌లో ఉండేది ఇంకొకరు. అది పొరపాటు కింద పోదు.

ఇక నోటు. ఆఫీసు విజిట్ కోడ్లు 2021 జనవరి 1 నుంచి మారాయి. హిస్టరీలో ఎన్ని పాయింట్లు, ఎగ్జామ్‌లో ఎన్ని అవయవాలు అని లెక్కపెట్టే పద్ధతి పోయింది. ఇప్పుడు చూసేది మీరు తీసుకున్న వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైందనేది, లేదా ఆ రోజు ఆ పేషెంటు కోసం మీరు పెట్టిన మొత్తం సమయం. నిర్ణయంలో మూడు భాగాలు: జబ్బులు, చూసిన సమాచారం, రిస్కు. మూడిట్లో రెండు కుదిరితే చాలు.

ఒక విజిట్ తీసుకుందాం. 58 ఏళ్లాయన, ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.1, బీపీ 148/92. అలసిపోయిన సాయంత్రం మనం రాసేది: "షుగర్, బీపీ. మందులు అవే. మూడు నెలల తర్వాత రావాలి." చార్టు చదివేవాళ్లకి ఇందులో డాక్టర్ ఆలోచన ఎక్కడుంది? అదే విజిట్‌ని ఇలా రాయండి: "షుగర్ అదుపులో లేదు, ఏ1సీ 9.1, లక్ష్యం 7. మెట్‌ఫార్మిన్ పూర్తి డోసులో ఉన్నా తగ్గలేదు, ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. మొదలుపెట్టాం. బీపీ లక్ష్యం కంటే ఎక్కువ, లిసినోప్రిల్ 10 నుంచి 20కి పెంచాం, రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి." అదుపులో లేని దీర్ఘకాలిక జబ్బులు రెండు, ప్రిస్క్రిప్షన్ మందుల మార్పు. ఇది 99214 (పాత పేషెంటు విజిట్లలో ఒక మోస్తరు క్లిష్టమైనదానికి కోడ్), సందేహం లేదు. డయాగ్నోసిస్ కోడ్ కూడా ఈ11.9 (ఇతర సమస్యలు లేని టైప్ 2 షుగర్) అని అలవాటుగా నొక్కకుండా, షుగర్ ఎక్కువగా ఉందని చెప్పే ఈ11.65 వేయాలి. ఒక మాట గుర్తుపెట్టుకోండి: ఏడాదిగా బీపీ 148 దగ్గరే కదలకుండా ఉన్నా అది "స్టేబుల్" కాదు. లక్ష్యం చేరనిది ఏదీ ఈ లెక్కలో స్టేబుల్ కింద రాదు.

కొత్తవాళ్లు భయంతో అన్నిటికీ ఒక మెట్టు కింది 99213 వేస్తుంటారు. మన ఇళ్లలో డబ్బు అడగడమంటే ఉండే బిడియం కూడా ఇందులో ఉంటుందని నా అనుమానం. అది మంచితనం కాదు, రికార్డు తప్పుగా ఉండటమే. 99213కి 1.30 వర్క్ ఆర్‌వీయూ (డాక్టర్ పనికి లెక్కగట్టే పాయింట్లు), 99214కి 1.92. మీ జీతం ఆర్‌వీయూలతో ముడిపడి ఉంటే ఏడాది తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది. సమయం మీద వేస్తే 99214కి కనీసం 30 నిమిషాలు, దాని పై మెట్టు 99215కి 40. చార్టు చదవడం, నోటు రాయడం ఆ రోజే చేస్తే అవీ కలుస్తాయి. నర్సు పెట్టిన టైము కలవదు.

పాత నోటుని కొత్తదాంట్లోకి దించే కాపీ ఫార్వర్డ్ బటన్‌తో మాత్రం చాలా జాగ్రత్త. ఎడమ కాలు మోకాలి కింద తీసేసిన పేషెంటు చార్టులో "రెండు పాదాల్లో నాడి బాగుంది" అని నాలుగు విజిట్ల పాటు నడిచిన నోటు నేను స్వయంగా చూశాను. ఆ ఒక్క వాక్యం చూశాక మిగతా నోటులో దేన్ని నమ్ముతారు?

ఆస్పత్రి నుంచి క్లినిక్‌కి వచ్చేవాళ్లు ఇంకో అలవాటు మార్చుకోవాలి. క్లినిక్‌లో "న్యుమోనియా కావచ్చు" అని రాసి న్యుమోనియా కోడ్ వేయకూడదు. తేలేదాకా దగ్గు, జ్వరం, అంతే. తేలని గుండెజబ్బుని పేషెంటు రికార్డులో పెడితే, ఆయన లైఫ్ ఇన్సూరెన్సుకి వెళ్లినప్పుడు అది అక్కడ ఎదురుపడుతుంది. అలాగే మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చిన రోజే విజిట్‌కీ బిల్లు వేయాలంటే విజిట్ కోడ్ పక్కన 25 మాడిఫయర్ అనే గుర్తు ఉండాలి, ఆ విజిట్ ఇంజెక్షన్ నిర్ణయానికి మించి విడిగా నిలబడేదై ఉండాలి.

వెనక్కొచ్చిన క్లెయిములను బిల్లర్‌కే వదిలేయకండి. మొదటి మూడు నెలలు వారానికి అరగంట పక్కన కూర్చోండి. ఇన్సూరెన్స్ జవాబులో సీఓ అని వస్తే ఆ మొత్తం పేషెంటు నుంచి వసూలు చేయకూడదు, పీఆర్ అని వస్తే పేషెంటు వాటా. సీఓ-197 అంటే ముందస్తు అనుమతి లేదు, సీఓ-29 అంటే గడువు దాటింది. మెడికేర్‌కి సర్వీసు రోజు నుంచి ఏడాది గడువు. ప్రైవేటు కంపెనీల్లో చాలాచోట్ల అంతకంటే బాగా తక్కువ, కాంట్రాక్టు చూసుకోవాలి.

చివరగా మనవాళ్ల సంగతి. "మనవాడే కదా, కోపే వద్దులెండి" అని విజిట్‌కి పేషెంటు కట్టాల్సిన ఆ వాటాని అలవాటుగా వదిలేస్తే ఇబ్బందుల్లో పడతారు. నిజంగా కట్టుకోలేనివాళ్లకి తగ్గించవచ్చు, కారణం చార్టులో రాసి. సొంత అమ్మానాన్నలకి చేసిన వైద్యానికి మెడికేర్ చెల్లించదు.

అన్నిటికంటే కష్టంగా ఉండేది విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చే తల్లిదండ్రుల విషయం. పాత జబ్బులకి ఆ పాలసీల్లో చాలావరకు కవరేజీ ఉండదు. మొన్నీమధ్య ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారిని తీసుకొచ్చి, తలుపు వేశాక మెల్లగా, "డాక్టర్ గారూ, బీపీ ఇండియాలోనే ఉందని రాయకండి ప్లీజ్" అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. అయినా ఆరేళ్లుగా ఉందని పెద్దాయన చెప్పింది చెప్పినట్టే రాశాను. తర్వాత మందులన్నీ చవకైన జెనెరిక్కులకి మార్చి, రక్త పరీక్షల్లో ఇప్పుడే అవసరమైనవి రెండే ఉంచి, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ అడ్రసు కాగితం మీద రాసి అతని చేతికిచ్చాను.