కేఎస్ ప్రాసెసర్ కొనాలా? కొన్నాక దానికి కళ్లెం వేయడం ఎలా?

ఇంటెల్ సంస్థ తన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మేలైన చిప్పులను ఏరి, పేరు చివర ‘కేఎస్’ అని చేర్చి ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచి ఒక తగాదా తెగకుండా సాగుతోంది. నాలుగైదు శాతం వేగం కోసం ఇంత కరెంటు తగలెయ్యడం శుద్ధ దండగని ఒక పక్షం అంటుంది. అంత ధర పెట్టగలిగినవాడు కరెంటు బిల్లుకు బెంగపడతాడా అని రెండో పక్షం కొట్టిపారేస్తుంది. తిరుపతిలోనో చిత్తూరులోనో పెళ్లి వీడియోల మిక్సింగ్‌కో, త్రీడీ రెండరింగ్‌కో, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్‌కో ఇటువంటి యంత్రం కట్టించుకోదలచినవారికి ఈ రెండు వాదనలూ పెద్దగా అక్కరకు రావు. మనకు బిల్లు కంటే వేడి పెద్ద సమస్య, వేడి కంటే వోల్టేజి పెద్ద సమస్య. ఆ రెండింటినీ కొనేముందు కొంత, కొన్నాక బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కొంత అదుపులోకి తెచ్చుకోవచ్చు.

ఒకే వేఫర్ (చిప్పులను తయారుచేసే సిలికాన్ పలక) మీద తయారైన చిప్పులన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని తక్కువ వోల్టేజికే కోరిన వేగాన్ని అందుకుంటాయి, కొన్నింటికి అదే వేగానికి మరికొంత వోల్టేజి కావాలి, మరికొన్నింటిలో పని లేనప్పుడు కూడా కరెంటు కారిపోతూ ఉంటుంది. కర్మాగారంలో ప్రతి చిప్పునూ పరీక్షించి, దాని గుణాన్ని బట్టి ఏ పేరుతో అమ్మాలో నిర్ణయించడాన్నే బిన్నింగ్ అంటారు. దామలచెరువు మండీలో మామిడికాయలను గ్రేడ్లుగా విడదీయడం వంటిదే ఇది. కాకపోతే మొదటి గ్రేడు కాయ మీద ఎవరూ అదనపు బరువు మోపరు, ఇక్కడ మాత్రం చిప్పులో ఉన్న మంచితనాన్నంతా అమ్మకానికి ముందే వేగంగా మార్చి, మిగులు లేకుండా ఖర్చు పెట్టేస్తారు. అమెరికాలో చిప్పులను పరీక్షించి మంచివాటిని విడిగా అమ్ముతూ వచ్చిన సిలికాన్ లాటరీ అనే దుకాణం 2021లో మూతపడింది. తయారీ సంస్థలే ఆఖరి చుక్క వరకు పిండుకుంటున్నప్పుడు బయటివాడికి మిగిలేదేముంది?

2019 అక్టోబరులో వచ్చిన ఐ9-9900కేఎస్ తన ఎనిమిది కోర్లనూ (లెక్కలు చేసే విభాగాలనూ) ఒకేసారి 5 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపేది. అందుకు దాని టీడీపీ (కూలర్ తోడవలసిన వేడి లెక్క) 127 వాట్లు, మామూలు 9900కేకు 95 వాట్లు. ఆ తరువాత 2022లో 12900కేఎస్ 5.5, 2023 జనవరిలో 13900కేఎస్ 6, 2024 మార్చిలో 14900కేఎస్ 6.2 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లాయి. చివరి రెండింటికీ బేస్ పవర్ (మామూలు వేగం దగ్గర వాడకం) 150 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ (హెచ్చు వేగం దగ్గర వాడకం) 253 వాట్లు అని ప్రకటించినా, 320 వాట్ల వరకు వదిలే ఎక్స్‌ట్రీమ్ ప్రొఫైల్ కూడా ఇంటెల్ ఇచ్చినదే. ఇది ఒక్క ఇంటెల్ అలవాటని అనడానికీ లేదు, ఎందుకంటే పోటీ సంస్థ ఏఎండీ 2013లోనే ఎఫ్ఎక్స్-9590ని 5 గిగాహెర్ట్జ్ పేరిట 220 వాట్ల టీడీపీతో అమ్మింది. అదే కోవకు చెందిన ఎఫ్ఎక్స్-8350కి 125 వాట్లు సరిపోయేవి.

ఇంత శక్తి ఎక్కడికి పోతోందో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. చిప్పు పనిలో ఖర్చయ్యే శక్తి వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజికైతే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం 5 శాతం పెరగడానికి వోల్టేజి 8 శాతం పెంచవలసి వచ్చిందనుకుంటే, 1.05ను 1.08 వర్గంతో గుణించాలి. వచ్చేది సుమారు 1.22, అంటే 5 శాతం వేగానికి 22 శాతం అదనపు శక్తి. దీన్నే తిరగేస్తే, ఆఖరి 5 శాతం వేగాన్ని వదులుకున్నవారికి దాదాపు 18 శాతం శక్తి ఆదా అవుతుంది. ఏరి తీసిన చిప్పుకు నిజమైన విలువ ఇక్కడే ఉందని, అదే వేగాన్ని తక్కువ వోల్టేజితో ఇవ్వగలగడమే దాని గొప్పతనమని నా అభిప్రాయం. అమ్మేవారు మాత్రం పెట్టె మీద పెద్ద అంకె వేయడానికే దాన్ని వాడుకుంటున్నారు.

ఆ పెద్ద అంకె మన ఊళ్లో ఎంతవరకు దక్కుతుందో కూడా చూడాలి. 14900కేఎస్‌లో 6.2 గిగాహెర్ట్జ్ అనేది అన్ని కోర్లకూ వర్తించదు. ఒకటి రెండు కోర్ల మీదే పని ఉండి, చిప్పు 70 డిగ్రీలు దాటకుండా ఉన్నప్పుడు మాత్రమే ఆ వేగం అందుతుంది. సమీక్షల్లో కనిపించే ఫలితాలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల చల్లని గదుల్లో తీసినవి. మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, మిద్దె కింద గదిలో మధ్యాహ్నం ఫ్యాను గాలి కూడా వేడిగానే తగులుతుంది. కూలర్ ఎంత ఖరీదైనదైనా గది గాలి కంటే చల్లగా చిప్పును ఉంచలేదు కాబట్టి, గది 12 డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా అటూ ఇటూగా అంతే వేడెక్కుతుంది. ఏసీ లేని గదిలో ఈ ప్రాసెసర్ పెట్టినవారు ఆ చివరి కాస్త వేగానికి డబ్బు కట్టి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాని ముఖం చూడకుండా గడుపుతారు.

ఇక బిల్లు సంగతి. తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ గృహ కనెక్షన్లకు 2022-23 టారిఫ్ ప్రకారం 226 నుంచి 400 యూనిట్ల వరకు యూనిట్‌కు 8.75 రూపాయలు, 400 దాటితే 9.75 రూపాయలు వసూలు చేసింది. ఇంధన సర్దుబాటు ఛార్జీలు వేరు. మీ తాజా బిల్లులో ఉన్న రేటును తీసుకుని ఇదే లెక్క వేసుకోండి. ప్రాసెసర్ 100 వాట్లు అదనంగా తీసుకుంటూ రోజుకు ఆరు గంటలు పూర్తి బరువు మీద నడిస్తే నెలకు 18 యూనిట్లు, పై శ్లాబులో సుమారు 175 రూపాయలు. లక్షన్నర యంత్రం కొన్నవారిని ఇది కుంగదీయదు, బిల్లు పక్షం వాదన ఇంతటితో తేలిపోతుంది. ఆ వేడిని బయటికి నెట్టే ఏసీ మీద పడే భారం కూడా పెద్దదేమీ కాదు, ఎందుకంటే ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని తోడగలదు.

అసలు చిక్కు కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. దుకాణంలో కంప్యూటర్‌తో పాటు అంటగట్టే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోయగలదు. 253 వాట్ల ప్రాసెసర్, 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కలిసి రెండరింగ్‌లో ఉన్న వేళ సరఫరా ఆగితే అది బీప్ మని అరిచేలోపే యంత్రం ఆరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనుక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే మారే ఆ లిప్తపాటులోనే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. వేసవి గాలివానలకు లైన్లు తెగే మన ప్రాంతంలో, ప్రాసెసర్ వాడకాన్ని 253 నుంచి 150కి దించడం వల్ల కలిగే మొదటి లాభం మరీ పెద్ద యూపీఎస్ అవసరం లేకుండా బయటపడగలగడమే.

కొనేముందు మీ పనికి ఏది కావాలో తేల్చుకోండి. పెళ్లి వీడియోలు చేసేవారిలో చాలామంది ఐ9 తప్పదనుకుంటారు. కానీ నేటి కెమెరాల 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ ఫుటేజ్‌ను (రంగుల వివరం ఎక్కువగా ఉండి, బాగా కుదించిన వీడియోను) టైమ్‌లైన్ మీద తడబడకుండా ఆడించేది ఇంటెల్ చిప్పులోని అంతర్గత గ్రాఫిక్స్‌లో వీడియో పనికే ఉండే క్విక్ సింక్ విభాగం, కోర్ల సంఖ్య కాదు. ఆ యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్ ఐ5-14600కేలోనూ ఐ9-14900కేఎస్‌లోనూ ఒకటే. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న రకాలలో మాత్రం అది పనిచేయదు, అందుకే వెయ్యో రెండు వేలో తగ్గుతుందని వాటికి ఆశపడకూడదు. బ్లెండర్ వంటి త్రీడీ సాఫ్ట్‌వేర్లలో ప్రాసెసర్ మీదే గంటల తరబడి రెండరింగ్ చేసేవారికి కోర్లు అవసరమే, అయితే వారికి కూడా మామూలు 14900కే చాలు. కేఎస్‌లోనూ అవే 8 పెద్ద కోర్లు, 16 చిన్న కోర్లు ఉంటాయి.

యంత్రం ఇంటికి వచ్చాక మొట్టమొదట బయోస్ అప్‌డేట్ చేయాలి, ఆ తరువాతే మిగతా పనులు. 13, 14 తరాల (13900, 14900 వంటి) డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో హెచ్చు వోల్టేజి వల్ల చిప్పు లోపలి క్లాక్ సర్క్యూట్ ముందుగానే అరిగిపోయి, ఆటలూ ప్రోగ్రాములూ ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. వోల్టేజిని 1.55 వోల్టుల దగ్గర ఆపే 0ఎక్స్129 మైక్రోకోడ్‌ను (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే, చిప్పును నడిపే లోపలి ప్రోగ్రామును) ఆ ఏడాది ఆగస్టులోనూ, 0ఎక్స్12బీని సెప్టెంబరులోనూ, 0ఎక్స్12ఎఫ్‌ను 2025 మే నెలలోనూ విడుదల చేసింది. ఇవి రాబోయే నష్టాన్ని ఆపగలవే గాని, ఇప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయలేవు.

తరువాత బయోస్‌లో పవర్ లిమిట్లు చూడండి. దీర్ఘకాల పరిమితి పీఎల్1, స్వల్పకాల పరిమితి పీఎల్2; కొన్ని మదర్‌బోర్డులు ఈ రెండింటిలోనూ 4095 అని వేసి, అంటే పరిమితే లేకుండా, తయారీదారు చెప్పిన 253ను పక్కన పెట్టి వస్తుంటాయి. ముందు ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అన్న ఎంపికను ఆన్ చేసి, విండోస్‌లోకి వెళ్లి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (చిప్పు కొలతలు చూపే ప్రోగ్రాము) తెరిచి, సినీబెంచ్ (ప్రాసెసర్ వేగానికి స్కోరు ఇచ్చే ప్రోగ్రాము) మల్టీకోర్ పరీక్షను పది నిమిషాలు నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘సీపీయూ ప్యాకేజ్ పవర్’ అనే వరుసలో వాట్లు, దాని చుట్టుపక్కల కోర్ వోల్టేజి, గరిష్ఠ ఉష్ణోగ్రత కనిపిస్తాయి. స్కోరుతో పాటు ఈ మూడింటినీ కాగితం మీద రాసుకుని, ఇదే పరీక్షను పీఎల్1, పీఎల్2 రెండింటినీ 200, 160, 125 దగ్గర పెట్టి మళ్లీ చేయండి. ఏసీ ఆపేసి, మధ్యాహ్నం వేళ చేయడం మంచిది, ఎందుకంటే మీ యంత్రం బతకాల్సింది ఆ గాలిలోనే.

స్కోరును వాట్లతో భాగిస్తే ఏ మెట్టు దగ్గర లాభం సన్నగిల్లుతోందో తెలుస్తుంది, కానీ నేను అంతకంటే పని పూర్తయ్యే సమయాన్ని నమ్ముతాను. ఒక రెండరింగ్ 253 వాట్ల దగ్గర 20 నిమిషాలకు, 150 దగ్గర 23 నిమిషాలకు పూర్తయిందనుకుంటే మొదటిదానికి 84 వాట్-అవర్లు, రెండోదానికి 57.5 వాట్-అవర్లు ఖర్చయినట్టు. మూడు నిమిషాలు ఆగగలిగినవారు దాదాపు మూడో వంతు శక్తిని మిగుల్చుకుంటారు, ఫ్యాన్ల హోరు తగ్గడం అదనం. మీ సొంత ప్రాజెక్టు ఒకదాన్ని ఇలా రెండు మెట్ల దగ్గరా చేసి చూసుకుని, తేడా మీకు భరించదగినదిగా తోచిన చోట పరిమితిని ఖాయం చేయండి.

వోల్టేజి తగ్గించడం దీని తరువాతి అడుగు, ఇందులో ఓపిక కావాలి. ఆఫ్‌సెట్ పద్ధతిలో (చిప్పు అడిగే వోల్టేజిలో కొంత కోత వేసే పద్ధతిలో) 0.025 వోల్టుల చొప్పున తగ్గిస్తూ పోయి, ప్రతి మెట్టు దగ్గరా స్కోరు కూడా చూడాలి. వోల్టేజి చాలనప్పుడు చిప్పును కాచే సీఈపీ అనే రక్షణ ఆన్‌లో ఉన్నప్పుడు వోల్టేజి మరీ తగ్గిస్తే గిగాహెర్ట్జ్ అంకె మారకుండానే పని నెమ్మదిస్తుంది, ఉష్ణోగ్రత మాత్రం అందంగా కనిపిస్తుంది. స్కోరు చూడనివారు తాము గెలిచామనుకుంటారు. నిలకడ పరీక్షకు ఒక్క సినీబెంచ్ చాలదు, పెద్ద జిప్ ఫైళ్లను విప్పడం, మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పొడవైన ఎక్స్‌పోర్ట్ రెండూ చేయాలి. ఒక్కసారి తప్పు కనిపించినా రెండు మెట్లు వెనక్కి రండి.

ఏఎండీ వైపు ఈ పని సులువు. రైజెన్ 9 7950ఎక్స్‌కు 170 వాట్ల టీడీపీ, సాకెట్ (మదర్‌బోర్డులో చిప్పు కూర్చునే చోటు) దగ్గర 230 వాట్ల పరిమితి ఉంటాయి. బయోస్‌లో ఈకో మోడ్ ఎంచుకుంటే 105 వాట్ల తరగతికి, అంటే సాకెట్ దగ్గర 142కు, లేదా 65 వాట్ల తరగతికి, అంటే 88కి దిగుతుంది. చిప్పు 95 డిగ్రీల దగ్గర నిలబడి పనిచేసేలానే దీన్ని రూపొందించారు కనుక ఆ అంకెను చూసి కూలర్ పాడైందనుకోనవసరం లేదు.

చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్లి కొనేవారు పెట్టె సీలు, సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు రెండూ అడిగి తీసుకోవాలి. 9900కేఎస్‌కు ఇంటెల్ ఒక్క ఏడాది వారంటీయే ఇచ్చింది. 13, 14 తరాల సమస్య తరువాత మాత్రం పెట్టెలో వచ్చే ఆ తరాల ప్రాసెసర్లకు మరో రెండేళ్లు కలిపి ఐదేళ్లు చేసింది. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు వారంటీ బాధ్యత అమ్మినవారిదే అవుతుంది, మళ్లీ ఆ దుకాణం చుట్టూ తిరగాల్సింది మీరే. పాత 13900కేఎస్‌నో 14900కేఎస్‌నో సెకండ్ హ్యాండ్‌లో చూపిస్తే ఇంటెల్ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరుతో వారంటీ మిగిలిందో లేదో అక్కడే చూడండి. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో ఒక పెద్ద ఆర్కైవ్‌ను రెండు మూడుసార్లు విప్పించండి. ఒక్కసారైనా ఫైలు చెడిపోయిందని సందేశం వస్తే ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోకండి.