బద్దెపురుగు అనుమానం ఉంటే బిళ్ళ కంటే ముందు మోషన్ టెస్ట్

మోషన్‌లో తెల్లగా, చదునుగా, అన్నం మెతుకులాగానో చిన్న నవారు ముక్కలాగానో ఏదైనా కనిపిస్తే, అందులోనూ అది కదులుతుంటే, దయచేసి నీళ్లు పోసేయకండి. డాక్టరుకి దాన్ని మించిన ఆధారం ఉండదు. మా బాబాయి సిగ్గుపడి రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు, చివరికి చెప్పాక నేను కూడా టెస్ట్ సంగతి ఆలోచించకుండా ఇక్కడ విజయవాడలో మెడికల్ షాపుకెళ్లి పురుగుల బిళ్ళ తెచ్చిచ్చాను. అలా చేయకూడదు, ఎందుకో చెప్తాను.

బద్దెపురుగు (టేప్‌వార్మ్) ఏలికపాములా గుండ్రంగా ఉండదు. తలతో చిన్నపేగు గోడని పట్టుకుని, ముక్కకి ముక్క అతుక్కుంటూ మీటర్ల పొడవు పెరుగుతుంది. చివరి ముక్కలు తెగి మోషన్‌లో పడతాయి. సరిగ్గా ఉడకని పంది మాంసంలోనో పశు మాంసంలోనో ఉండే తిత్తుల (పిల్ల పురుగులున్న చిన్న సంచుల) నుంచి వస్తుంది, నిప్పుల మీద కాల్చిన ముక్క లోపల ఇంకా ఎర్రగా ఉంటే అది ప్రమాదమే. పచ్చి చేపల నుంచి వచ్చే రకం ఒకటుంది గానీ, మన చేపల పులుసు బాగా ఉడుకుతుంది కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు. బెల్లం, మిఠాయిలు తింటే పురుగులు పడతాయన్నది మాత్రం నిజం కాదు.

లక్షణాల విషయంలో చిక్కేమిటంటే చాలామందికి ఏమీ ఉండవు. కొందరికి కడుపులో సన్నటి నొప్పి, వికారం, ఆకలి తగ్గడం లేదా పెరగడం, బరువు తగ్గడం, మలద్వారం దగ్గర దురద.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. పంది మాంసం నుంచి వచ్చే రకం ఉన్న మనిషి మలంలో గుడ్లు ఉంటాయి. కడగని చేతుల వల్లో, మురుగునీరు తగిలిన ఆకుకూరల వల్లో అవి ఇంకొకరి నోట్లోకి పోతే, పిల్ల పురుగులు రక్తంలో కలిసి మెదడుకి చేరి తిత్తులు కడతాయి, దాంతో ఫిట్స్ వస్తాయి. అంటే జీవితంలో మాంసం ముట్టనివాళ్లకీ రావచ్చు. రైతుబజారు నుంచి తెచ్చిన కొత్తిమీర, పుదీనా పచ్చిగా వాడేముందు రెండు మూడు నీళ్లలో బాగా కడగండి.

ఇక టెస్ట్. ల్యాబ్ నుంచి మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి. నీళ్లలో పడిన మోషన్ పనికిరాదు, మూత్రం కలిసినా పనికిరాదు, మా మొదటి శాంపిల్ అందుకే తిప్పి పంపారు. పాత పేపరు మీద పొడి ప్లాస్టిక్ కవరు పరుచుకుని పట్టడం తేలిక. ముక్క కనిపిస్తే చేత్తో తాకకుండా వేరే చిన్న డబ్బాలో కొంచెం సెలైన్ పోసి వేయండి, అది ఏ రకమో దాన్నిబట్టే తెలుస్తుంది, గుడ్లు చూస్తే పంది రకమూ పశువు రకమూ ఒకేలా ఉంటాయి. గుడ్లు రోజూ పడవు కాబట్టి ఒక్కసారి నెగటివ్ వచ్చిందని వదిలేయకుండా వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ ఇవ్వండి. విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రులు రెండూ మెడికల్ కాలేజీల ఆసుపత్రులే, అక్కడ అడగండి.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్లలో ఇచ్చే ఆల్బెండజోల్ ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటి కోసం, ఆ ఒక్క బిళ్ళతో బద్దెపురుగు పోతుందని నమ్మకం లేదు. దీనికి డాక్టర్లు ప్రాజిక్వాంటెల్ గానీ నిక్లోసమైడ్ గానీ రాస్తారు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, విడవని తలనొప్పి ఉన్నా ముందే చెప్పాలి, మెదడులో తిత్తులుంటే ప్రాజిక్వాంటెల్ వల్ల ఫిట్స్ రావచ్చు. అందుకే షాపులో అడిగి కొనొద్దంటున్నాను. మందు వాడాక నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి మళ్లీ మోషన్ టెస్ట్ చేయించాలి. మేము బాబాయితో పాటు పిన్నికీ, పిల్లలకీ కూడా చేయించాం.