మన వాకిలి, రాత్రి ఆకాశం – 4వ పాఠం: నీళ్ల ట్యాంకు వెనక నాలుగు నక్షత్రాలు

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన, చంద్రుడి ఫోటో తీసే అభ్యాసం గురించి. చంద్రుడు తెల్లటి బిళ్లలా వచ్చి మచ్చలు కనబడకపోతే కారణం ఒక్కటే. చుట్టూ చీకటి ఉందని ఆటో మోడ్‌లో కెమెరా ఎక్కువ వెలుగు లాగేస్తుంది. కానీ చంద్రుడి మీద పడేది ఎండ. పౌర్ణమి చంద్రుడికి ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్సు రంధ్రం కొలత) 11, షట్టరు వేగం సెకనులో 100వ వంతు దగ్గర మొదలుపెట్టండి. సగం చంద్రుడైతే వేగం సెకనులో 25వ వంతుకు తగ్గించండి.

ఈ పాఠంలో చుక్కలను, వాటి కింద మన వీధిని ఒకే ఫోటోలోకి తెస్తాం. ఒట్టి చుక్కల ఫోటో ఆదిలాబాదులో తీసినా అనంతపురంలో తీసినా ఒకేలా ఉంటుంది. దాని కింద మీ కాలనీ నీళ్ల ట్యాంకు ఉంటే ఆ ఫోటో మీ ఊరిది అవుతుంది. అందుకే ఈ పాఠాల్లో నేల లేని ఆకాశాన్ని తీయమని ఎక్కడా చెప్పం.

ఏ రోజు, ఏ వేళ

గోడ మీది క్యాలెండరులో మార్గశిర శుద్ధ పంచమి, షష్ఠి చూడండి. సుబ్రహ్మణ్య షష్ఠి వచ్చే రోజులవి, నవంబరు చివరి నుంచి డిసెంబరు మూడో వారంలోపు పడతాయి. ఈ తిథులనే ఎంచడానికి కారణం ఉంది. ఆ మాసంలో పౌర్ణమి చంద్రుడు మృగశిర దగ్గర ఉంటాడు, మాసానికి ఆ పేరు వచ్చింది అందుకే. పౌర్ణమి నాడు తీస్తే ఆ వెలుగులో చుట్టుపక్కల చుక్కలన్నీ వెలవెలబోతాయి. షష్ఠి నాటికి చంద్రుడు ఇంకా పడమటి సగంలోనే ఉంటాడు, మృగశిర తూర్పున లేస్తూ ఉంటుంది. మీరు తూర్పుకు తిరిగి నిలబడితే వెన్నెల వీపు వెనక నుంచి వచ్చి ఎదురుగా ఉన్న ట్యాంకు మీద పడుతుంది. లైట్లు కొనక్కర్లేదు. అమావాస్య నాడైతే చుక్కలు బాగానే వస్తాయి కానీ, వీధిలైటు లేనిచోట ట్యాంకు నల్లటి ముద్దలా మిగులుతుంది.

రాత్రి ఎనిమిదిన్నరకు తూర్పు వైపు చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. పిడికిలి అడ్డం సుమారు 10 డిగ్రీలు. అడుగున దిగంతం నుంచి లెక్కపెడితే రెండున్నర పిడికిళ్ల ఎత్తులో, దాదాపు నిటారుగా పేర్చినట్టు మూడు చుక్కలు కనిపిస్తాయి. ఒరాయన్ అనే నక్షత్ర మండలానికి నడుము అవే. వాటికి ఎడమ పక్క నారింజ రంగులో ఆర్ద్ర, కుడి పక్క నీలి తెలుపులో రైగెల్. ఆర్ద్రకు కాస్త పైన ఉన్న మసక చుక్కల గుంపు మృగశిర. ఇంకా పైన, నాలుగు పిడికిళ్ల ఎత్తులో రోహిణి. దానిపైన చిన్న గుత్తిలా కృత్తిక, పల్లెల్లో పిల్లలకోడి అనేది దీన్నే. చిన్నప్పుడు అశ్విని, భరణి అంటూ వల్లించిన వరసలో నాలుగు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటాయి. కెమెరాను నిలువుగా తిప్పితే 18 ఎం.ఎం. లెన్సులో పై నుంచి కిందికి 66 డిగ్రీలు పడుతుంది. కృత్తిక నుంచి ట్యాంకు స్తంభాల దాకా అన్నీ ఇమిడిపోతాయి.

ట్యాంకే ఎందుకు

కొబ్బరిచెట్టు చూడ్డానికి బాగుంటుంది. కానీ 10 సెకన్లలో మట్టలు ఊగి పొగలా అవుతాయి. ట్యాంకు కదలదు, అంచులు తిన్నగా ఉంటాయి. రెండు ఫోటోలు కలపాల్సి వచ్చినప్పుడు ఆ తిన్నని అంచే మీ పని తగ్గిస్తుంది. గుడి గోపురం, సెల్ టవరు, తాటి మాను కూడా పనికొస్తాయి. మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు మాత్రం వెన్నెలను మింగేస్తుంది. సున్నం వేసిన సిమెంటు ట్యాంకు దొరికితే అదృష్టం.

ట్యాంకు కెమెరాకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. 18 ఎం.ఎం. దగ్గర ఎఫ్ 3.5లో చుక్కల మీద ఫోకస్ పెడితే 5 మీటర్లకు అవతల ఉన్నవన్నీ స్పష్టంగా వస్తాయి, ఇవతలివి మసకబారతాయి. 10 మీటర్లుంటే నిశ్చింత.

వీధిలైటు లెన్సులోకి సూటిగా పడకూడదు. రెండడుగులు పక్కకు జరిగి లైటును ట్యాంకు స్తంభం వెనక దాచండి. లెన్సు ముందు యూవీ ఫిల్టరు ఉంటే తీసేయండి. లైటు దాని మీద తిరిగి కొట్టి ఆకాశంలో లేని పచ్చటి మచ్చలు పుట్టిస్తుంది.

ట్రైపాడ్ నడిమి గొట్టం పైకి లేపొద్దు. మేడ మీద ఎవరైనా నడిస్తే స్లాబు కదులుతుంది, షట్టరు తెరిచి ఉన్నంతసేపు పిల్లల్ని పరుగెత్తనీయకండి. ట్రైపాడ్ లేకపోతే రెండు కిలోల బియ్యం గుడ్డసంచిలో పోసి పిట్టగోడ మీద పెట్టి, కెమెరాను అందులో కూరండి. లెన్సులో వణుకు తగ్గించే మీట ఉంటే ఆపేయండి. కెమెరా కదలకుండా ఉన్నప్పుడు అదే అనవసరంగా కదిలి చుక్కల్ని చెరుపుతుంది.

ఫోకస్: అసలు గండం ఇక్కడే

పాడైన చుక్కల ఫోటోల్లో ఎక్కువ భాగం ఫోకస్ దగ్గరే పాడవుతాయి. చీకట్లో ఆటో ఫోకస్ పట్టు దొరక్క లెన్సును ముందుకూ వెనక్కూ తిప్పి ఊరుకుంటుంది. లెన్సు మీద అనంతం గుర్తు ఉన్నా నమ్మొద్దు, కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్సుల్లో చాలావాటికి ఆ గుర్తే ఉండదు.

ఇలా చేయండి. జూమ్‌ను 18 దగ్గర పెట్టండి. లెన్సు మీటను మాన్యువల్‌కు మార్చండి. లైవ్ వ్యూ (వెనక తెర మీద కనిపించే దృశ్యం) తెరిచి రోహిణినో, అర కిలోమీటరు అవతలి వీధిలైటునో తెర మధ్యకు తెచ్చి 10 రెట్లు పెద్దది చేయండి. ఇప్పుడు ఫోకస్ రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే, ఉబ్బిన ఆవగింజలా ఉన్న చుక్క చిన్నదవుతూ సూదిమొనలా మారుతుంది. అక్కడ ఆగకండి. ఇంకా తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది. అప్పుడు వెనక్కి వచ్చి, రెండు ఉబ్బుల మధ్య అతి చిన్నగా ఉన్నచోట ఆపండి. రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఆ తర్వాత జూమ్ ముట్టుకుంటే ఫోకస్ పోయినట్టే, మొదటి నుంచి మళ్లీ చేయాలి.

కోస్తాలో ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా మేడ మీదికి తెస్తే లెన్సు మీద చెమట పడుతుంది. అరగంట ముందే సంచిలోనే ఉంచి బయట పెట్టండి. డిసెంబరు మంచుకు తొమ్మిది దాటాక లెన్సు తడుస్తుంది. పది నిమిషాలకోసారి టార్చి వేసి చూడండి. నోటితో ఊదితే ఇంకాస్త చెమ్మ చేరుతుంది, పొడి మెత్తటి గుడ్డతో అద్దండి.

ఎన్ని సెకన్లు

ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరా మీద 18 ఎం.ఎం. లెన్సు పెడితే, ఒరాయన్ నడుము చుక్కలు సెన్సరు (లెన్సు వెనక బొమ్మ పడే పలక) మీద మూడు సెకన్లకు ఒక పిక్సెల్ జరుగుతాయి. 10 సెకన్లకు మూడు పిక్సెళ్లు, కంటికి అది చుక్కే. 20 సెకన్లకు ఆరేడు పిక్సెళ్లు, అప్పుడది చిన్న గీత. ఉత్తరాన ధ్రువ నక్షత్రం వైపు ఈ జరుగుడు తక్కువ. నడుము చుక్కలు దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు పైన ఆకాశంలో ఊహించే గీత) మీద ఉండడంతో ఇక్కడే అత్యంత ఎక్కువ.

చుక్కలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో తేల్చడానికి 500ను లెన్సు ఎం.ఎం. అంకెతో భాగించమనే సూత్రం మీరు వినే ఉంటారు. ఇలాంటి చిన్న సెన్సరు కెమెరాకు 18ని ముందు ఒకటిన్నరతో హెచ్చించాలి, 27 వస్తుంది. 500ను 27తో భాగిస్తే 18 సెకన్లు. ఫిల్ము రోజులకు అది సరిపోయింది. నేటి సెన్సర్లకు 500 బదులు 300 తీసుకోండి, 11 సెకన్లు వస్తుంది. మనం 10 పెడదాం.

ఆకాశానికి మొదటి ఫోటో: మాన్యువల్ మోడ్, ఎఫ్ 3.5, 10 సెకన్లు, ఐఎస్‌ఓ 1600, వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్, రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచేది), రెండు సెకన్ల టైమరు. తీశాక కెమెరా తెర వెలుగును నమ్మకండి, చీకట్లో అది ఎంత మసక ఫోటోనైనా ధగధగలాడిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన ఎంతుందో దిబ్బలా చూపే పటం) చూడండి. దిబ్బ ఎడమ అంచు నుంచి పావు, మూడో వంతు మధ్యలో ఉంటే చాలు. ఎడమ గోడకు అతుక్కుని ఉంటే ఐఎస్‌ఓ 3200 చేయండి. హైదరాబాదు లాంటి నగరం నడుమ దిబ్బ మధ్యకు వచ్చేస్తుంది, ఐఎస్‌ఓ 800కు దిగండి.

నేలకు రెండో ఫోటో: కెమెరా కదపకుండా అదే ఐఎస్‌ఓ, 30 సెకన్లు. షష్ఠి చంద్రుడు చూడ్డానికి సగం దగ్గర్లో ఉన్నా, వెలుగు పౌర్ణమి వెలుగులో పదో వంతైనా ఉండదు. అందుకే ఇంతసేపు. ఇందులో చుక్కలు గీతలవుతాయి, ఫర్వాలేదు, దీనిలోంచి తీసుకునేది ట్యాంకునే. వీధిలైటు వెలుగు ట్యాంకు మీద ఉంటే ఈ రెండో ఫోటో అక్కర్లేదు. రెండూ ఐదు నిమిషాల్లోపు పూర్తిచేయండి.

ఫోనుతో తీసేవారు ప్రో మోడ్‌లో 1 ఎక్స్ కెమెరానే వాడండి. 10 సెకన్లు, ఐఎస్‌ఓ 800, ఫోకస్ స్లైడరు కొండ గుర్తు వైపు చివరిదాకా, మూడు సెకన్ల టైమరు. నైట్ మోడ్ కొన్ని ఫోన్లలో సన్న చుక్కల్ని మచ్చలనుకుని తుడిచేస్తుంది. రెండు రకాలుగా తీసి కృత్తికలో ఎన్ని చుక్కలు మిగిలాయో లెక్కపెడితే తేడా తెలుస్తుంది.

కలపడం, దిద్దడం

ఫోటోలు దిద్దే జింప్ ప్రోగ్రాములో 30 సెకన్ల ఫోటో అడుగున, 10 సెకన్లది పైన పొరలుగా పెట్టండి. పై పొరకు మాస్కు (నల్లగా పూసినచోట పొరను దాచే తెర) వేసి ట్యాంకు ఉన్నచోట నల్ల కుంచెతో పూయండి, అడుగు పొరలోని ట్యాంకు బయటికొస్తుంది. కుంచె అంచు మెత్తగా, కానీ సన్నగా ఉండాలి. వెడల్పైతే ట్యాంకు చుట్టూ తెల్లటి వలయం పుడుతుంది, కలిపిన ఫోటో అని ఆ వలయమే పట్టిస్తుంది.

రంగు దగ్గర నిగ్రహం కావాలి. మన ఊళ్ల మీద రాత్రి ఆకాశం ఊదా రంగులో ఉండదు. దిగంతం దగ్గర బూడిద, మట్టి రంగు కలిసి, పైకి పోయేకొద్దీ నల్లబడుతుంది. ఆర్ద్ర నారింజగా, రైగెల్ నీలంగా కనబడుతున్నాయా చూసుకోండి, రెండూ తెల్లగా ఉంటే వెలుగు ఎక్కువ పెంచారని అర్థం. ఒక్క నొక్కుకు పాలపుంతను తెచ్చి అతికించే యాప్‌ల జోలికి పోవద్దు. షష్ఠి వెన్నెలలో, తూర్పు ఆకాశంలో, డిసెంబరు రాత్రి ఎనిమిదిన్నరకు ఆ మెరిసే పాలపుంత నడిబొడ్డు ఉండనే ఉండదు. ఆకాశం తెలిసినవారు చూడగానే పట్టేస్తారు, మీ మిగతా ఫోటోల మీదా నమ్మకం పోతుంది.

పదిమందికీ పంపేటప్పుడు

మచ్చలు పోవాలని ఆకాశాన్ని నున్నగా తుడిచి పంపితే, అవతలి ఫోనులో అది మెట్లు మెట్లుగా, చారలుగా కనిపిస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 అంచెలే, చీకటి ఆకాశం వాటిలో కొద్ది అంచెల్లోనే ఇరుక్కుంటుంది. వాట్సాప్ దాన్ని ఇంకా నొక్కుతుంది. ఆ మచ్చల్ని, అంటే గింజను, కాస్త మిగలనిస్తే చారలు పుట్టవు. పొడవైన వైపు 2048 పిక్సెళ్లు, నాణ్యత 85, ఎస్ఆర్‌జీబీ (తెరలు మామూలుగా వాడే) రంగులు పెట్టి సేవ్ చేయండి.

వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు. కానీ ఫోనుతో తీసిన ఫోటో అయితే ఫైలులో దాగిన లొకేషన్ కూడా అలాగే వెళ్తుంది. మేడ మీద తీశారు కాబట్టి అది మీ ఇంటి చిరునామాతో సమానం. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ముందే ఆపేయండి. పొరుగువారి కిటికీ, బండి నంబరు ఫ్రేములో ఉంటే కత్తిరించండి.

ఫోటో కింద ఈ మాత్రం రాయండి: “మార్గశిర శుద్ధ షష్ఠి, రాత్రి 8:35. కాలనీ నీళ్ల ట్యాంకు మీద కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. 18 ఎం.ఎం., ఎఫ్ 3.5, ఐఎస్‌ఓ 1600. ఆకాశం 10 సెకన్లు, ట్యాంకు 30 సెకన్లు, రెండు ఫోటోలు కలిపినది.” ఆఖరి ముక్క వదలొద్దు. కలపడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. పైగా అంకెలు ఉంటేనే చూసినవారు తమ మేడ మీద ప్రయత్నించగలరు.

అభ్యాసం

నడుము చుక్కల్ని 5, 10, 20 సెకన్లతో మూడుసార్లు తీసి, కంప్యూటరులో పూర్తి సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. మీ లెన్సు ఎన్ని సెకన్లు తట్టుకుంటుందో అక్కడ తేలుతుంది. ఆ అంకె నోటుపుస్తకంలో రాసుకోండి, వచ్చే పాఠాల్లో కావాలి.

5వ పాఠంలో చుక్కల్ని కావాలనే గీతలుగా తీస్తాం, ధ్రువ నక్షత్రం చుట్టూ. మీ ఊరి అక్షాంశం ఎంతో అది దిగంతం నుంచి అంత ఎత్తులో ఉంటుంది. విశాఖలో 17.7 డిగ్రీలు, హైదరాబాదులో 17.4, తిరుపతిలో 13.6. అంటే రెండు పిడికిళ్లకు లోపే, ఎదురింటి గోడ చాలు దాన్ని దాచేయడానికి. డల్లాస్‌లో ఉన్నవారికి 33 డిగ్రీలు, వారికి ఈ చిక్కు లేదు. ఈలోగా మీ మేడ మీద ఉత్తరం వైపు అడ్డం లేని మూల ఏదో పగలే చూసి పెట్టుకోండి. గంటసేపట్లో 120 ఫోటోలు తీయాలి కాబట్టి నిండా ఛార్జి చేసిన బ్యాటరీలు రెండు, కార్డులో 4 జీబీ ఖాళీ సిద్ధంగా ఉంచండి.