ఏఐ ఉద్యోగానికి ఎలా సిద్ధం కావాలి? బోయిన్‌పల్లి టమాటాతో మొదలుపెట్టండి

ఎనిమిదేళ్లుగా మాదాపూర్‌లో కొత్తవారిని ఇంటర్వ్యూ చేస్తున్నాను. నా ముందుకొచ్చే రెజ్యూమేలలో టైటానిక్ ఇంకా మునుగుతూనే ఉంది. అందరూ సాధన చేసే 891 మంది ప్రయాణికుల పట్టిక, అందులో ఎవరు బతికారో చెప్పే మోడల్, అంటే పాత డేటా నుంచి నేర్చుకుని అంచనా చెప్పే ప్రోగ్రామ్. అది కాకపోతే 150 ఐరిస్ పూలు. ఆ పూల కొలతలను గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1936లో తన వ్యాసంలో వాడాడు. వాటిని మళ్లీ వర్గీకరించి మీరు ఈ లోకానికి కొత్తగా చెప్పేది ఏమీ లేదు. ఈ రెండూ నేర్చుకోవడానికి పనికొస్తాయి, చూపించుకోవడానికి పనికిరావు.

మొదట: ఏ పని కావాలో తేల్చుకోండి

‘ఏఐ ఉద్యోగం’ అని ఒకే ఉద్యోగం లేదు. డేటా ఎనలిస్ట్ పట్టికలు తవ్వి నివేదికలు ఇస్తారు. డేటా ఇంజినీర్ ఆ పట్టికలు శుభ్రంగా, సమయానికి చేరేలా చూస్తారు. మెషీన్ లెర్నింగ్ ఇంజినీర్ మోడల్‌ను తయారుచేసి, అది రోజూ పనిచేసేలా నిలబెడతారు. పరిశోధన వైపు వెళ్లాలంటే కనీసం ఎం.టెక్, వీలైతే పీహెచ్‌డీ. దానికి గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉంది, కందిలో ఐఐటీ ఉంది. కొత్తవారు డేటా ఇంజినీర్‌గానే లోపలికి రావాలి. నేనూ అలాగే వచ్చాను.

తర్వాత: పనిముట్లు

ముందు డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్, ఆ తర్వాతే ప్రోగ్రాములు రాసే పైథాన్. ఈ వరుస తిప్పకండి. సగటు, సంభావ్యత వంటి గణితానికి ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కరలేదు, బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్ చాలు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కట్టిన కోచింగ్ ఫ్లెక్సీలు చూసి కంగారు పడకండి. ఎస్‌క్యూఎల్ అక్కడ బాగానే చెబుతారు. నలభై అయిదు రోజుల్లో ఏఐ నిపుణులను చేస్తామంటే మాత్రం నమస్కారం పెట్టి మెట్రో ఎక్కేయండి.

అసలు పని: సొంత ప్రాజెక్టు

ఒక్కటి చాలు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో మార్కెట్ల వారీగా రోజువారీ కూరగాయల ధరలు దొరుకుతాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువగా పలికిన ధర, అన్నీ క్వింటాలుకు రూపాయల్లో. బోయిన్‌పల్లి మార్కెట్ టమాటా ధరలు కొన్నేళ్లవి తీసుకోండి. 2023 తప్పనిసరిగా ఉండాలి, ఎందుకో కింద చెబుతాను. రేపటి ధరను అంచనా వేయడమే ప్రాజెక్టు.

ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి. పదిమందిలో తొమ్మిదిమంది జారిపడేది ఈ మెట్టు మీదే.

చాలామంది వరుసలన్నీ పేకముక్కల్లా కలిపి, ఎనభై శాతం మోడల్ శిక్షణకు, ఇరవై శాతం అది ఎంత నేర్చిందో చూసే పరీక్షకు పంచుతారు. ఫలితం అద్భుతంగా వస్తుంది. అదంతా అబద్ధం. జూలై 12, 14 తేదీల ధరలు శిక్షణలో ఉండి, 13వ తేదీ పరీక్షలో ఉంటే మోడల్ నేర్చుకునేది ఏముంది? అటూ ఇటూ చూసి మధ్య అంకె చెప్పేస్తుంది. నిజజీవితంలో 12వ తేదీ సాయంత్రం మీ చేతిలో 14వ తేదీ ధర ఉండదు. లీకైన ప్రశ్నపత్రంతో తెచ్చుకున్న ర్యాంకు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మా వృత్తిలోనూ దీన్ని లీకేజీ అనే అంటారు.

కాబట్టి తేదీ దగ్గర గీత గీయండి. 2022 డిసెంబరు వరకు శిక్షణ, 2023 పరీక్ష. గీతకు అవతల ఉన్నదాన్ని ప్రాజెక్టు చివరి రోజు వరకు తెరవకండి.

గీత గీశాక కూడా లీకులు ఉంటాయి. మార్కెట్ సెలవు రోజుల్లో ధర ఉండదు. ఆ ఖాళీని ముందురోజు, మరుసటి రోజు ధరల సగటుతో నింపితే భవిష్యత్తు మళ్లీ దొడ్డిదారిన వచ్చినట్టే. చివరిగా తెలిసిన ధరతోనే నింపండి. అంకెలను ఒకే కొలతకు తేవడానికి వాడే సగటు, గరిష్ఠం కూడా శిక్షణ భాగం నుంచే లెక్కించాలి. అదే రోజు గరిష్ఠ ధరను ఇచ్చి అదే రోజు ధర చెప్పించినవారినీ చూశాను. నవ్వకండి, ఆయనకు నాలుగేళ్ల అనుభవం ఉంది.

ఇక పోటీదారు. ‘ఈరోజు ధరే రేపూ ఉంటుంది’ అనే ఒక్క వాక్యం మీ మోడల్‌కు ప్రత్యర్థి. దీనికి చదువు లేదు, శిక్షణ లేదు. అయినా దీన్ని ఓడించడం కష్టం. నా మొదటి మోడల్ దీని చేతిలో ఓడిపోయింది. పోలికను క్వింటాలుకు సగటున ఎన్ని రూపాయలు తప్పామన్న లెక్కలో చూపించండి. ధర అంచనా అవును, కాదు అనే జవాబు కాదు; దానికి ‘97 శాతం కచ్చితత్వం’ అని రాసిన రెజ్యూమేను నేను అక్కడితో మూసేస్తాను.

ఇప్పుడు 2023 సంగతి. ఆ జూలైలో టమాటా చాలా నగరాల్లో కిలో వంద రూపాయలు దాటింది. మీరు రాండమ్ ఫారెస్ట్ అనే పద్ధతి వాడి ఉంటే, గ్రాఫులో అసలు ధర కొండెక్కుతుంటే మీ అంచనా కింద చదునుగా ఆగిపోతుంది. ఆ పద్ధతి పాత ధరల సగటులే చెబుతుంది కాబట్టి, శిక్షణలో చూసిన గరిష్ఠాన్ని ఎప్పటికీ దాటదు. దీన్ని దాచడానికి ఆ నెలను తీసేసేవారున్నారు. తీయకండి. ఆ గ్రాఫునే మొదటి పేజీలో పెట్టి, ఎందుకు ఓడిందో నాలుగు వాక్యాలు రాయండి. నేను అడగబోయే మొదటి ప్రశ్న అదే.

చివరగా: దరఖాస్తు

రెజ్యూమే ఒక్క పేజీ. ఫొటో వద్దు. కోడ్‌ను నలుగురూ చూసేలా గిట్‌హబ్ సైట్‌లో ఉంచండి. డిపాజిట్ కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనే ఫోన్లు వస్తాయి, మాట్లాడకుండా పెట్టేయండి. ఇంటర్వ్యూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుందని గుర్తుంచుకుని, అక్కడి నుంచి ఆటోకు, ట్రాఫిక్‌కు సమయం పెట్టుకోండి. జూలై గ్రాఫును కాగితం మీద ప్రింటు తీసి తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్‌లో చూపిద్దామనుకుంటే, మీకు వైఫై పాస్‌వర్డ్ తెచ్చిచ్చేసరికి నేను తర్వాతి వారిని పిలిచి ఉంటాను.