గోకులం కేరళ హిస్టరీ తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి

ముందే చెప్తున్నా, గోకులం కేరళ 2017లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్ కదా అని నేరుగా లీగ్ టేబుల్స్ ముందేసుకోకండి, ముందు ఈ టీమ్ సొంతూరు కోళికోడ్ గురించి నాలుగు ముక్కలు చదవండి, అక్కడ సెవెన్స్ ఫుట్‌బాల్ (టీమ్‌కి ఏడుగురే ఆడేది) పిచ్చి ఎలాంటిదో తెలిస్తేనే మిగతాది బుర్రకెక్కుతుంది.

తర్వాత 2019 డ్యూరాండ్ కప్ ఫైనల్. కోల్‌కతాలో మోహన్ బగాన్ మీద 2-1, రెండు గోల్సూ మార్కస్ జోసెఫ్‌వే. 1997లో ఎఫ్‌సీ కొచ్చిన్ తర్వాత మళ్ళీ కేరళకి ఆ కప్ వచ్చింది అప్పుడే.

ఇక టైమ్ పెట్టాల్సింది 2021 మార్చి 27న మణిపూర్ క్లబ్ ట్రావ్‌తో ఆడిన మ్యాచ్ మీద. ఐ-లీగ్ (దేశవ్యాప్త క్లబ్ లీగ్) ఆఖరి రోజు, హాఫ్ టైమ్‌కి గోకులం 0-1 వెనక. హైలైట్స్ వద్దు, 65వ నిమిషం నుంచి ఆపకుండా చూడండి, 70లో షరీఫ్ కొట్టాడు, ఇంకో ఏడు నిమిషాల్లో 3-1 అయిపోయింది, చివరికి 4-1, టైటిల్ వచ్చేసింది! నాకైతే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

2022లో టైటిల్ నిలబెట్టుకున్నారు, ఐ-లీగ్‌లో వరసగా రెండోసారి గెలిచిన మొదటి క్లబ్ ఇదే, కానీ పై లీగ్ ఐఎస్ఎల్‌కి ప్రమోషన్ ఆ తర్వాతి సీజన్ నుంచి పెట్టారు, అదొక్కటే బాధ. అదే మేలో ఆసియా క్లబ్‌ల టోర్నీ ఏఎఫ్‌సీ కప్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ని 4-2తో కొట్టారు, అదీ చూసేయండి.

అమ్మాయిల టీమ్‌ని మాత్రం వదలొద్దు, మన నిజామాబాద్ సౌమ్య గుగులోత్ ఈ టీమ్ నుంచే క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి వెళ్ళింది.