నల్ల కారు డోర్‌లో నా బొమ్మ పడకుండా ఏం చేశానంటే (నా అనుభవం)

బెంగళూరు మారతహళ్లిలో పాత కార్లు అమ్మే షోరూమ్‌లో ఫోటోలు తీసేది నేనే. తెల్ల కార్లతో పేచీ లేదు. నల్లవాటికి మాత్రం డోర్ మీద నేను, ఎదురు టీ కొట్టు, పైన కరెంటు తీగలు. పైగా బంపర్ ఉబ్బి, వెనక భాగం చిక్కిపోయినట్టు వచ్చేది. "డోర్‌కి ఆ గీతలేంటన్నా?" అని ఒకటే ఫోన్లు. అవి తీగలంటే ఎవరు నమ్ముతారు!

పాలిష్, ఫ్లాష్, ఎడిటింగ్ యాప్, మిట్టమధ్యాహ్నం ఎండ, అన్నీ దండగయ్యాయి.

డోర్‌లో కనిపించేది నా వెనకున్నదే కదా. అందుకే ముందు బండిని తీగల కింద నుంచి తీయించి, నా వెనక ఖాళీ గోడ ఉండేలా పెట్టించాను. పొద్దుగుంకిన వెంటనే మొదలుపెట్టాను. పది అడుగులు వెనక్కి జరిగి 2 ఎక్స్ జూమ్ పెట్టి, హెడ్‌లైట్ ఎత్తుకి వంగాను. బంపర్ వాపు అక్కడే పోయింది. తర్వాత ఫోన్‌కి క్లిప్ చేసే పోలరైజర్ ఫిల్టర్ (మెరుపుని తగ్గించే గాజు బిళ్ల) పెట్టాను. కారుకు ఏటవాలుగా నిలబడి, స్క్రీన్ చూస్తూ దాన్ని మెల్లగా తిప్పాలి. ఒకచోట మెరుపు చటుక్కున తగ్గి అద్దంలోంచి సీట్లు కనిపిస్తాయి. అక్కడ ఆపాను. చివరగా స్క్రీన్‌లో డోర్ మీద వేలు నొక్కిపట్టి వెలుతురు కాస్త తగ్గించాను. లేకపోతే ఫోన్ నలుపుని బూడిద రంగు చేసేస్తుంది.

ఎదురుగా నిలబడి తీస్తే ఫిల్టర్ పెద్దగా పనిచేయదు, క్రోమ్ మీద అసలు పనిచేయదు. పక్క కిటికీ అద్దాల్లో ఒక్కోసారి మచ్చలు తేలతాయి, అప్పుడు ఫిల్టర్ తీసేస్తాను. మీ ఫోన్‌లో ఎలా వస్తుందో చెప్పలేను. నిజంగా ఉన్న గీతలకి మాత్రం దగ్గర్నుంచి విడిగా ఫోటో పెడుతున్నాను.