ఫోన్‌లో ఆరోగ్య సమాచారం వెతకడం – 4వ పాఠం: ముందు ప్రశ్న సరిచేసుకుందాం

కిందటి పాఠంలో ల్యాబ్ రిపోర్టులోని మాటను ఉన్నది ఉన్నట్టు టైప్ చేయడం నేర్చుకున్నాం. ‘షుగర్ టెస్ట్’ అని కాకుండా ‘హెచ్‌బీఏ1సీ’ అనే కొట్టాలని చెప్పాను. ఈసారి అంతకన్నా కష్టమైన సంగతికి వద్దాం. మాటలన్నీ సరిగ్గా కొట్టినా, అడిగిన ప్రశ్నే తప్పయితే ఏమవుతుంది? మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

వానాకాలంలో గాజువాకలో ఉండే మా పిన్నికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) 62 వేలు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి కాబట్టి అందరికీ టెన్షన్ పట్టుకుంది. నేనూ తమ్ముడూ ఫోన్లు తీసి ‘ప్లేట్‌లెట్లు పెంచడం ఎలా’ అని వెతికాం. బొప్పాయి ఆకు రసం, కివీ పండు, దానిమ్మ... వీడియో మీద వీడియో వచ్చింది. పక్కవీధిలో ఒకరి పెరట్లో బొప్పాయి చెట్టుంటే ఆకులు అడిగి తెచ్చి రసం తీశాం.

ఐదో రోజు జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాం. ఆ సాయంత్రం నుంచి పిన్ని కడుపునొప్పి అంటూనే ఉంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. చేదు రసం పడలేదేమో అనుకున్నాం. రాత్రికి చేతులు చల్లబడ్డాయి. అప్పుడు 108కి ఫోన్ చేసి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగింది ప్లేట్‌లెట్ల సంగతి కాదు. ‘జ్వరం ఎప్పుడు తగ్గింది? కడుపునొప్పి ఎప్పటినుంచి? ఒంటికి ఎన్నిసార్లు వెళ్లారు?’ అని అడిగింది. పిన్ని కోలుకుంది. కానీ ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా అన్ని గంటలు ఫోన్ పట్టుకున్న మాకు తట్టలేదన్న బాధ నాకింకా ఉంది. ఈ పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

‘ప్లేట్‌లెట్లు పెంచడం ఎలా’ అన్న ప్రశ్నలోనే ఒక నమ్మకం ఉంది. అవి పెరిగితే గండం గడిచినట్టేనని. డెంగీలో అసలు ప్రమాదం చాలావరకు వేరే చోటునుంచి వస్తుంది. సన్నటి రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇది ఎక్కువగా జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, సరిగ్గా జ్వరం దిగే సమయంలో జరుగుతుంది. మనం ఊపిరి పీల్చుకునే వేళే జాగ్రత్తగా చూడాల్సిన వేళ. రిపోర్టులో దీన్ని పట్టించేది హిమాటోక్రిట్ లేదా పీసీవీ అన్న అంకె, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పేది. ప్లేట్‌లెట్లు తగ్గుతూ అది పెరుగుతుంటే డాక్టర్లు అప్రమత్తమవుతారు. మేం ఆ వరుస చదవనేలేదు.

ఇంకో మాట. డెంగీ తగ్గే దశలో ప్లేట్‌లెట్లు చాలామందికి వాటంతటవే పెరుగుతాయి. ఆ ముందురోజు ఏది తాగి ఉంటే దానికే పేరొస్తుంది. ‘మా బాబుకి రసం ఇచ్చాం, మర్నాటికి డబుల్ అయింది’ అని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. చూసిందే చెబుతున్నారు. కానీ రసం ఇవ్వకపోతే ఏమయ్యేదో వాళ్లు చూడలేదు.

మరి ఎలా అడగాలి? మందు అడగకముందు జబ్బు గురించి అడగండి. ‘డెంగీలో ప్రమాదం ఎలా వస్తుంది’ అని ఒకసారి, ‘డెంగీలో ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి’ అని ఇంకోసారి. ఈ రెండోదాన్ని ఇంగ్లిషులో ‘డెంగీ వార్నింగ్ సైన్స్’ (dengue warning signs) అని కొడితే నేరుగా దొరుకుతుంది: విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచి గానీ ముక్కునుంచి గానీ రక్తం, ఆయాసం, బాగా నీరసం లేదా కుదురులేకపోవడం. పిన్నికి వీటిలో రెండు మా కళ్లముందే ఉన్నాయి. ‘డెంగీలో ఏం వాడకూడదు’ అని కూడా అడగండి. ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో కొనే ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయని, జ్వరానికి పారాసిటమాల్ వాడాలని తెలుస్తుంది.

జవాబు ఎవరిదన్నదీ ముఖ్యమే. గూగుల్‌లో ఇంగ్లిషులో ‘సైట్’ అని రాసి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ‘డబ్ల్యూహెచ్‌ఓ డాట్ ఐఎన్‌టీ’ అని కొట్టండి (site:who.int). ఆ తర్వాత ఒక ఖాళీ వదిలి జబ్బు పేరు రాయండి. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీలే వస్తాయి, వీడియోల వరద ఉండదు. అదే చోట ‘జీఓవీ డాట్ ఐఎన్’ అని పెడితే మన ప్రభుత్వ పేజీలు వస్తాయి. పేజీ ఇంగ్లిషులో ఉంటే క్రోమ్‌లోనే తెలుగులోకి మార్చుకోవచ్చు. మందుల పేర్లు మాత్రం ఇంగ్లిషు పేజీలో మళ్లీ సరిచూసుకోండి.

ఈ వారం అభ్యాసం బీపీ మీద. ముందు ‘బీపీ వెంటనే తగ్గించడం ఎలా’ అని వెతికి, వచ్చిన మొదటి ఐదు జవాబుల్లో ఏముందో నోటుబుక్కులో రాయండి. తర్వాత ‘బీపీ ఎక్కువైనప్పుడు ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి’ అని వెతికి, పక్కపేజీలో రాయండి. రెండో పేజీని చింపి, పైన 108 అని పెద్దగా రాసి, ఇంట్లో పెద్దవాళ్లకు కనబడేచోట అంటించండి.